కాకి లెక్కలూ మీటరు లెక్కలూ

ఈసారి నా బల్ల మీదకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కరెంటు గురించే. సైన్స్ ప్రాజెక్టుల కాలం వచ్చిందన్నమాట. ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఈ చార్టులు నాకు కొత్త కాదు. పైన మూలలో నవ్వుతున్న బల్బు బొమ్మ, కింద ఒక పట్టిక, పట్టికలో ఒక్క అంకె కూడా కొలిచింది కాదు. అందుకే ఈసారి జవాబులు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా ఇంట్లో ఏ వస్తువు ఎక్కువ కరెంటు వాడుతుందో కనుక్కోవడం నా ప్రాజెక్టు. ప్రతి వస్తువు వెనకా ఉన్న లేబులు చూసి వాట్లు రాసుకున్నాను. రోజుకి వాడే గంటలతో, తర్వాత 30 రోజులతో గుణించి, యూనిట్ల కోసం 1,000తో భాగించాను. ఫ్రిజ్ 108 యూనిట్లు, వాటర్ హీటర్ 60, రెండు ఫ్యాన్లు 45, టీవీ 15, ఇస్త్రీ పెట్టె 15, వాషింగ్ మెషీన్ 12, లైట్లు 9. మొత్తం 264. కానీ బిల్లులో 151 యూనిట్లే ఉన్నాయి. ఫ్రిజ్ లేబులు మీద వాట్లు లేవు. 230 వోల్టులు, 0.65 ఆంపియర్లు అని ఉంటే గుణించి 150 వాట్లు అనుకున్నాను. మీటరే తక్కువ తిరుగుతోంది, ఎవరికీ చెప్పకు అంటున్నారు నాన్న. తప్పెక్కడ జరిగింది?

జవాబు: మీటరు బాగానే ఉండి ఉంటుందమ్మా, నాన్నగారి సంతోషం పాడుచేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. నీ గుణకారంలోనూ తప్పు లేదు, రెండుసార్లు చేసి చూశాను. కాకపోతే నువ్వు చేసింది లెక్క, కొలత కాదు. బిల్లుతో పోల్చి చూసుకున్నావు చూడు, అక్కడే నీ ప్రాజెక్టు మొదలైంది. చాలామంది 264 దగ్గరే ఆగి రంగులు వేసేస్తారు.

ఆ తేడా 113 యూనిట్లు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అన్నిట్లోనూ కొంత ఉంటుంది గానీ, పెద్ద పిడికిలి ఫ్రిజ్‌దే. అందులో నువ్వు రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పేర్చావు.

మొదటిది, ఫ్రిజ్ 24 గంటలూ ప్లగ్గులో ఉంటుంది గానీ 24 గంటలూ పనిచేయదు. లోపల చల్లబడగానే థర్మోస్టాట్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది, కాస్త వేడెక్కితే మళ్ళీ నడుపుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని పక్కన కూర్చుని విను. గుర్రుమనే శబ్దం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో గడియారం చూసి రాసుకో. మా ఇంట్లోది 18 నిమిషాలు నడిచి 27 నిమిషాలు ఆగుతుంది. అంటే నూటికి నలభై వంతుల కాలమే పని.

రెండోది, వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయన్న మాట బ్యాటరీకి సరిపోతుంది, ఇస్త్రీ పెట్టెకీ సరిపోతుంది, మోటారుకి సరిపోదు. మన ఇళ్ళకు వచ్చేది ఏసీ కరెంటు, అంటే అటూ ఇటూ దిశ మార్చుకుంటూ ఉండేది. మోటారులో వోల్టేజీ ముందు పోతుంటే కరెంటు ఒక అడుగు వెనక నడుస్తుంది. ఆ వెనకబాటు వల్ల వచ్చిన శక్తిలో కొంత పని చేయకుండానే తిరిగి లైన్లోకి వెళ్ళిపోతుంది. ఎంత వంతు నిజంగా ఖర్చయిందో చెప్పే అంకెనే పవర్ ఫ్యాక్టర్ అంటారు. మా ఫ్రిజ్‌కి ప్లగ్ మీటరు (గోడ సాకెట్‌కీ వస్తువు ప్లగ్గుకీ మధ్య పెట్టే చిన్న మీటరు) పెట్టి చూస్తే 230 వోల్టులు, 0.75 ఆంపియర్లు చూపించింది. గుణిస్తే 172. అదే మీటరు వాట్ల దగ్గర చూపించింది 95. ఇంటి మీటరు లెక్కకట్టేది ఆ 95నే.

ఇప్పుడు 95 వాట్లని నూటికి నలభై చేస్తే 38 వాట్లు, 24 గంటలకి 0.91 యూనిట్. ప్లగ్ మీటరు ఒక పూర్తి రోజుకి చూపించింది 0.98. ఆ మిగతా కాస్తా మంచు కరిగించే హీటరుదీ, తలుపు తీసినప్పుడు వెలిగే దీపానిదీ, పదిసార్లు తలుపు తీసి లోపలికి తొంగి చూసే మా మనవరాలిదీ. నెలకి 29 యూనిట్లు. మీ ఫ్రిజ్ ఇంతకన్నా పెద్దదైనా 108 దాకా పోదు.

వాటర్ హీటరుదీ ఇదే కథ. గంటసేపు స్విచ్ వేసి ఉంచారంటే గంటసేపూ 2,000 వాట్లు తీసుకున్నట్టు కాదు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 0.61 యూనిట్ చాలు. 2,000 వాట్ల హీటరుకు అది 18 నిమిషాల పని. ఆ తర్వాత ఎర్ర దీపం ఆరిపోతుంది, మీరు స్నానానికి వేడినీళ్ళు తీసుకుని, వాటి బదులు హీటరులోకి చన్నీళ్ళు చేరేదాకా దాదాపు మళ్ళీ వెలగదు. ఇస్త్రీ పెట్టె దీపం కూడా ఇలాగే వెలిగి ఆరుతుంటుంది. గడియారం పట్టుకుని ఆ దీపం వెలిగిన సెకన్లు కలుపుకుంటూ పోతే, ఏ పరికరమూ లేకుండానే దగ్గరి లెక్క వచ్చేస్తుంది.

లేబులు అబద్ధం చెప్పదు. కాకపోతే అది చెప్పేది వేరే విషయం. ఈ వస్తువు గరిష్ఠంగా ఇంత లాగవచ్చు, దానికి తగ్గ వైరూ ప్లగ్గూ చూసుకోండి అని హెచ్చరించడానికి రాస్తారు దాన్ని. నెల ఖర్చు చెప్పడానికి కాదు.

ప్రశ్న: మా దగ్గర ప్లగ్ మీటరు లేదు. కొనకుండా ఇంట్లో వస్తువుల కరెంటు కొలవడం సాధ్యమేనా?

జవాబు: ఇంటి ముందు గోడ మీద ఉన్నదేమిటి మరి? అంత నిక్కచ్చి మీటరు నీకు ఇంకెక్కడా దొరకదు.

డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంటుంది. దాని పక్కన 3200 ఇంపల్స్ అనో, 1600 అనో, 1000 అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేలోపు ఆ దీపం అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. 3200 అయితే ఒక్కో మిణుకుకీ మధ్య 0.3125 వాట్-అవర్ (యూనిట్‌లో వెయ్యో వంతు ఒక వాట్-అవర్) పోయినట్టు. మిణుకుకీ మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు తీసుకుంటున్న వాట్లు వచ్చేస్తాయి. 1600 మీటరుకి 1125 బదులు 2250. 1000 మీటరుకి 3600. ఈ అంకెలు ఎక్కడివంటావా? ఒక యూనిట్ అంటే 36 లక్షల జూళ్ళు (జూల్ అంటే శక్తిని కొలిచే చిన్న ప్రమాణం). దాన్ని ఇంపల్స్ సంఖ్యతో భాగించు, తేలిపోతుంది. పాత చక్రం మీటరైనా పద్ధతి ఇదే, దీపం బదులు చక్రం అంచు మీద ఉన్న నల్ల గుర్తు తిరిగి రావడాన్ని లెక్కపెట్టాలి. యూనిట్‌కి ఎన్ని చుట్లో ముందు పలక మీదే రాసి ఉంటుంది.

చేసే విధానం చెబుతాను. ఇంట్లో వీలైనవన్నీ ఆపించు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిన సమయం చూసుకో, ఫ్రిజ్ ప్లగ్గు మాత్రం పీకకు. అప్పటికీ దీపం నెమ్మదిగా మిణుకుతూనే ఉంటుంది. అది నీ నేపథ్యం లెక్క, దాన్ని రాసి పెట్టుకో. తర్వాత ఒకే ఒక్క వస్తువు వేసి మళ్ళీ లెక్కపెట్టి, అందులోంచి నేపథ్యం తీసెయ్యి. ఎప్పుడూ ఒక్క మిణుకు చూసి ఊరుకోవద్దు. స్టాప్‌వాచ్ నొక్కడంలో నీ వేలు పావు సెకను ఆలస్యం చేస్తుంది. ఆ పావు సెకను పది మిణుకుల మీద పంచుకుంటే పోయేదేం లేదు, ఒక్క మిణుకు మీదే పడితే కొంప మునుగుతుంది.

మా ఫ్యాన్‌తో చెబుతాను. పూర్తి వేగంలో పది మిణుకులకి 156 సెకన్లు పట్టింది. అంటే ఒక్కోదానికి 15.6 సెకన్లు, 72 వాట్లు. 1,450 వాట్ల కెటిల్ వేస్తే సెకను కూడా ఆగకుండా మిణుకుతుంది, లెక్కపెట్టే నోరు తడబడుతుంది. అలాంటప్పుడు ఫోనులో వీడియో తీసుకుని తీరిగ్గా లెక్కపెట్టుకోవాలి. 9 వాట్ల బల్బు ఇంకో కొస. ఒక్కో మిణుకుకి 125 సెకన్లు కాచుకోవాలి. ఒక్క బల్బు కొలవడం కన్నా ఇంట్లో ఉన్న అలాంటి బల్బులు ఎనిమిది ఒకేసారి వేసి, వచ్చినదాన్ని ఎనిమిదితో భాగించడం తెలివైన పని.

ఒక్క హెచ్చరిక. మీటరును చూడడమే, ముట్టుకోవద్దు. పెట్టె మూత తీయడం, సీలు కదపడం, మెయిన్ స్విచ్‌తో ఆటలాడడం వద్దు. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

ప్రశ్న: యూనిట్ అన్నా కిలోవాట్ అన్నా ఒకటేనా? మా అబ్బాయి చార్టులో "గంటకు ఇన్ని కిలోవాట్లు" అని రాశాడు. మార్కులు తీసేశారు.

జవాబు: తీసెయ్యాల్సిందేనండీ. కిలోవాట్ అనేది వేగం లాంటిది, యూనిట్ అనేది నడిచిన దూరం లాంటిది. కిలోవాట్‌ని గంటలతో గుణించాలి గానీ భాగించకూడదు. 1,000 వాట్లు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 100 వాట్లు పది గంటలు నడిచినా అదే యూనిట్.

యూనిట్ ఎంత పెద్దదో పిల్లలకు తెలియడానికి నేను ఒక లెక్క చేయించేదాన్ని. 50 కిలోల పిల్లవాడు మెట్లెక్కుతూ పోతే ఒక యూనిట్‌కి సమానమైన పని ఎంత ఎత్తులో పూర్తవుతుంది? 36 లక్షల జూళ్ళని 50తో, 9.8తో భాగిస్తే దాదాపు 7,350 మీటర్లు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. ఈ లెక్క చేశాక క్లాసులో ఫ్యాను వంక కాస్త గౌరవంగా చూసేవాళ్ళు, ఓ రెండు రోజులు.

ప్రశ్న: ఎలక్ట్రీషియన్ వాడే టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టుకారులా పెట్టి ఆంపియర్లు చూసే పరికరం) తెచ్చి ఫ్రిజ్ వైరు చుట్టూ పెట్టాను. ఫ్రిజ్ నడుస్తోంది, టెస్టర్ సున్నా చూపిస్తోంది. పాడైపోయిందా?

జవాబు: పాడవలేదు. ఆ వైరులో వెళ్ళే తీగా ఉంది, తిరిగొచ్చే తీగా ఉంది. రెండింట్లో కరెంటు సమానం, దిశలు ఎదురెదురు. వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. టెస్టర్‌కి కనిపించేది ఆ రెండింటి మొత్తం, అది సున్నాయే. ఒక్క తీగనే దాని నోట్లో పెట్టాలి. అందుకోసం వైరు పై తొడుగు కోయాలని మాత్రం అనుకోకండి. పై తొడుగు మాత్రమే లేకుండా, ఒక్కో తీగ దాని సొంత తొడుగుతో విడివిడిగా కనిపించే చిన్న ఎక్స్‌టెన్షన్ ఎలక్ట్రీషియన్ చేసిస్తారు. అయినా దొరికేది ఆంపియర్లే. ఫ్రిజ్‌కి వాట్లు కావాలంటే పైన చెప్పిన పవర్ ఫ్యాక్టర్ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. కెటిల్‌కీ ఇస్త్రీ పెట్టెకీ అయితే హాయిగా వాడుకోండి.

ప్రశ్న: ఫోను లేని చార్జర్‌ని ప్లగ్ మీటరుకి పెడితే 0.0 వాట్లు అని వస్తోంది. అంటే ఏమీ తీసుకోవడం లేదని రాయొచ్చా? — పదో తరగతి విద్యార్థి

జవాబు: రాయొద్దు బాబూ. "నా మీటరుకి కనిపించనంత తక్కువ" అని రాయి. సున్నాకీ కనిపించకపోవడానికీ తేడా ఉంది. మామూలు ప్లగ్ మీటర్లు ఒకటి రెండు వాట్ల దగ్గర చూపించే అంకెల్ని నమ్మడానికి లేదు. గోడ మీది మీటరు కూడా మరీ చిన్న కరెంటును లెక్కలోకి తీసుకోదు.

నువ్వు వెతకాల్సింది చార్జర్‌ని కాదు. ఎప్పుడూ ఆపనివాటిని వెతుకు. ఒక్క వాటు ఏడాదంతా నడిస్తే 8.76 యూనిట్లు. మా వైఫై రౌటర్ 6.8 వాట్లు తీసుకుంటోంది, ఏడాదికి దాదాపు 60 యూనిట్లు. అరచేతిలో పట్టేంత పెట్టె! టీవీ రిమోట్‌తో ఆపాక ఎంత తీసుకుంటోందో, దాని పక్కనున్న సెట్‌టాప్ బాక్స్ ఎంత తీసుకుంటోందో విడివిడిగా చూడు. మా ఇంట్లో టీవీ నిద్రపోయింది గానీ ఆ పెట్టె మాత్రం ఆపాక కూడా దాదాపు అంతే తీసుకుంది, ముందున్న దీపం రంగు మాత్రం మారింది. ఈ వస్తువులన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, మీటరు గుండా ఒక పూర్తి రోజు నడిపిస్తే అంకె గట్టిగా నిలబడుతుంది.

ప్రశ్న: నేను సైన్స్ టీచర్ని. నలభై మంది పిల్లలు నలభై ఒకేలాంటి పట్టికలు తెచ్చారు. కరెంటు మీదే ఇంకో రకం ప్రాజెక్టు చేయించాలంటే ఏం చేయించాలి?

జవాబు: కెటిల్ చేయించండి టీచర్ గారూ. నాకు దానిమీద మొదట్నుంచీ పక్షపాతం ఉంది. ఎందుకంటే అందులో మీటరు చెప్పేది ఒక లెక్క, నీళ్ళు చెప్పేది ఇంకో లెక్క. రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకచోట కలవాలి.

పోయిన సెలవుల్లో మనవరాలూ నేనూ చేశాం. లీటరు నీళ్ళు 27 డిగ్రీల దగ్గర పోశాం. 100 డిగ్రీలకు చేరాలంటే 73 డిగ్రీలు పెరగాలి. లీటరు నీటికి డిగ్రీకి 4,186 జూళ్ళ చొప్పున 3,05,600 జూళ్ళు, అంటే 0.085 యూనిట్. ప్లగ్ మీటరు 0.10 చూపించింది. నూటికి 85 పని, 15 వృథా అని మనవరాలు రాసేసి నోటుబుక్కు మూయబోయింది. ఆగమన్నాను. ఆ మీటరుకి కనిపించే అతి చిన్న మెట్టు 0.01. అది 0.10 అంటే అసలు విలువ 0.095 కావచ్చు, 0.105 కావచ్చు. అప్పుడు సామర్థ్యం 89 నుంచి 81 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. స్కేలు మీద గీతలు సెంటీమీటర్లే ఉంటే మిల్లీమీటర్లు చెప్పకూడదు కదా. సరే, మీటరును సున్నా చేయకుండా అయిదుసార్లు కాచాం. మొత్తం 0.49. ఒక్కోసారికి 0.098. నీళ్ళలోకి వెళ్ళింది నూటికి దాదాపు 87. ఇప్పుడు ఆ అంకెకి కాళ్ళొచ్చాయి.

అసలు ఆరుసార్లు కాచాం. ఒకసారి థర్మామీటరు పెట్టి చూస్తూ ఉందామని మనవరాలు మూత తెరిచి ఉంచింది. నీళ్ళు తెర్లుతున్నాయి, కెటిల్ ఆగదు. ఆవిరి వెనకనున్న చిన్న రంధ్రం గుండా వెళ్ళి లోపలి లోహపు పలకను వేడెక్కిస్తే అది వంగి స్విచ్ ఆపుతుంది. మూత తెరిస్తే ఆవిరి పైకే పోయింది. ఆ ఒక్క రీడింగూ 0.14 దాకా పోయింది. దాన్ని కొట్టెయ్యనివ్వలేదు. పక్కన "మూత తెరిచి ఉంది" అని రాయించాను. చార్టు చూడవచ్చినవాళ్ళంతా మొదట అడిగింది దాని గురించే.

పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పండి. ప్రతిసారీ కెటిల్ పూర్తిగా చల్లారాకే మళ్ళీ నీళ్ళు పోయాలి. లేకపోతే ముందుసారి వేడి తర్వాతిసారికి ఉచితంగా కలిసివస్తుంది. లీటరుతో, అర లీటరుతో పోల్చితే అర లీటరుకి సామర్థ్యం తక్కువ వస్తుంది. కెటిల్ గోడల్ని వేడెక్కించే ఖర్చు నీళ్ళు తక్కువైనా అంతే కదా.

ఇంకా పెద్ద పిల్లలుంటే వోల్టేజీ చూడమనండి. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 1,000 వాట్లు ఇచ్చేది 207 దగ్గర 810 వాట్లే ఇస్తుంది. పది శాతం తగ్గితే పంతొమ్మిది శాతం పోయింది. ప్లగ్ మీటరు రెండంకెలూ చూపిస్తుంది కాబట్టి సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి రాసుకుంటే చాలు.

వెనకటి కథలు ఇష్టపడే పిల్లలుంటే ఎడిసన్ మీటరు సంగతి చెప్పండి. 1880ల్లో ఆయన పెట్టిన మీటరులో ముల్లు లేదు, అంకె లేదు. ద్రావణంలో వేలాడే జింకు పలకలున్నాయి. కరెంటు పోతున్నకొద్దీ జింకు ఒక పలక మీంచి ఇంకోదాని మీదకు చేరేది. మనుషులొచ్చి పలకలు తీసుకెళ్ళి త్రాసులో తూచి బిల్లు కట్టేవారు. తూకం వేసి కరెంటు అమ్మడమన్నమాట.

ప్రశ్న: ప్రాజెక్టు రేపే ఇవ్వాలి. ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. ఒక్క రాత్రిలో ఏం కొలవగలను?

జవాబు: ఈ పత్రిక నీ చేతికి వచ్చేసరికి ఆ రేపు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది నాయనా. అయినా నీలాంటివాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు గనక చెబుతాను.

ఇంట్లో అందరూ పడుకున్నాక మీటరు రీడింగ్ రాసుకో, దశాంశ స్థానం తర్వాతి అంకెలతో సహా, పక్కన టైముతో సహా. పొద్దున అందరికన్నా ముందు లేచి మళ్ళీ రాసుకో. ఎనిమిది గంటల్లో 1.6 యూనిట్లు తిరిగిందనుకో, ఇల్లు నిద్రలో 200 వాట్లు తీసుకున్నట్టు. ఇప్పుడు ఆ రాత్రి ఏమేం నడిచాయో వరసగా రాయి. ఫ్యాన్లు, ఫ్రిజ్, రౌటర్, బాత్రూములో మరిచిపోయిన లైటు. ఒక్కోదానికీ వాట్లు వేసి కలుపు. 200కి ఎంత దూరంలో ఆగావో అది కూడా రాయి, ఆ మిగిలింది ఏమై ఉంటుందో నీ అనుమానం కూడా రాయి. అలారం మాత్రం కాస్త ముందుకి పెట్టుకో. ఎవరో ఒకరు లేచి వాటర్ హీటర్ వేశారంటే నీ రాత్రంతా నీళ్ళపాలే.